అయిపాయ అనేదాకా

మా సోమప్ప మామతో ఎవరు ఏం మాట్లాడినా, మాట ముగిసిన ప్రతిసారీ చివర "అయిపాయ" అనాలి. అనకపోతే ఆయన జవాబు చెప్పడు. మీరు పోయి "ఇల్లు కాలిపోతాంది మామా" అన్నా సరే, కళ్ళు పెద్దవి చేసుకుని మీ నోటివైపే చూస్తూ నిలబడతాడు. "అయిపాయ" అన్నాకే బిందె అందుకుంటాడు. తన మాట ముగిసినప్పుడు తనూ అంటాడు. ఆయన ఆ మాట అనేదాకా మీరు నోరు తెరవకూడదు.

ఇల్లు కాలడం నేను కల్పించాను. మేక సంగతి మాత్రం నిజం. ఒకరోజు మా నల్లమ్మత్త, అంటే మామ భార్య, వాకిట్లోంచి కేకేసింది.

"యో, మేక పలుపు తెంచుకుండాది. సిద్దమ్మ చేన్లోకి పోతాంది."

మామ అరుగు మీద కూర్చుని అత్తవైపే చూస్తున్నాడు. మేక గట్టు దాటింది.

"ఇనపళ్ళేదా?"

వినపడిందని మామ తల ఊపాడు.

"మరి లెయ్యవేం?"

మామ ఓపికగా ఎదురు చూశాడు. అప్పటికి అత్తకు గుర్తొచ్చింది. "అయిపాయ. నీ మొగం మండ, అయిపాయ" అంది. మామ లేచి పరుగెత్తాడు. అక్కడ మేక మేత కూడా అయిపోయింది. సిద్దమ్మ చేన్లో మూడు సాళ్ళ చెనిక్కాయ చెట్లు, అంటే వేరుశనగ, మొదళ్ళతో సహా తినేసింది.

ఈ అలవాటు ఎక్కడిదని అడిగితే మామ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. డెబ్బై నాలుగు నుంచి రెండేళ్ళు ఆయన బోర్లు వేసేవాళ్ళ క్యాంపులో వంట చేశాడు. "ఆడ వైర్లెస్సు ఉంటాదప్పా. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంగొకరు మాట్లాడితే రెండూ ఇనపడవు. అందుకని మాట అయినాక ఓవర్ అంటారు. అప్పుడు రెండోవాని వంతు. అది ఇంగ్లీషు, మనకు నోరు తిరగదు. మనకు అయిపాయ సాలు. అయిపాయ." ఆయన క్యాంపు నుంచి వచ్చిందీ, ఈ మాట పట్టుకుందీ ఇంచుమించు ఒకే ఎండాకాలం కాబట్టి ఎవరూ అనుమానించలేదు. మామకు క్యాంపు గాలి తగిలింది అనుకున్నారు.

గాలి తగిలినవాడు ఇంట్లో ఉంటే బాగుండేది. ఊళ్ళు తిరిగేవాడు. కంబదూరు దగ్గర ఒక ముసలాయన పోతే పలకరించడానికి వెళ్ళాడు. ఆయన కొడుకు చేతులు పట్టుకుని, "మీ నాయన శానా మంచోడప్పా. అయిపాయ" అన్నాడు. ఆ కొడుకు బావురుమన్నాడు. "అవునన్నా, అయిపాయ. అంతా అయిపాయ" అన్నాడు. అయిపాయ అన్నాడు కాబట్టి తన వంతు వచ్చిందనుకుని మామ మళ్ళీ మొదలుపెట్టాడు. "బాయి తవ్వినప్పుడు ఆయప్పే నాకు తాడు ఇచ్చినాడు. అయిపాయ." కొడుకు మళ్ళీ గుండెలు బాదుకున్నాడు. "అయిపాయన్నా." మామకు మళ్ళీ వంతు వచ్చింది. ఇద్దరూ ఇలా ఎంతసేపు అందించుకున్నారో తెలియదు గానీ, శవాన్ని ఎత్తేవాళ్ళు వచ్చి ఇద్దరినీ విడదీయాల్సి వచ్చిందట.

సిద్దమ్మ కూతురి సంగతి ఇంకా ఘోరం. రాయదుర్గం నుంచి పిల్లను చూడటానికి వచ్చినవాళ్ళు దారిలో మామను అడిగారు. "సిద్దమ్మ కూతురు ఎట్లుంటాదప్పా? తొందరగా చెప్పు, టైము అయిపాయ." మామ నిజమే చెప్పాడు. "బంగారట్లా పిల్ల. పనిలో సురుకు. అయిపాయ." వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "అయిపాయనా? ఎవరితో అయిపాయ?" వాళ్ళ మాట చివర అయిపాయ వచ్చింది కదా, మామ సంతోషంగా జవాబు చెప్పాడు. "మా ఊరోళ్ళందరికీ ఆ పిల్లంటే ఇష్టమే. అయిపాయ." బండి అక్కడినుంచే వెనక్కి తిరిగింది. ఆ పిల్లకు తరువాత కదిరి వైపు మంచి సంబంధమే కుదిరింది. అయినా సిద్దమ్మ మామను చూసినప్పుడల్లా రెండు లెక్కలు చదివేది. మూడు సాళ్ళ చెనిక్కాయలు, ఒక రాయదుర్గం సంబంధం.

నాకు మాత్రం ఊరందరిలోకీ మామతో మాట్లాడటమే సులువుగా ఉండేది. నాకు మాట రావడానికి కొంచెం సమయం పడుతుంది. నత్తి కాదు. ముందు లోపల ఒకసారి అనుకుని, సరిగ్గా ఉందో లేదో చూసుకుని బయటికి పంపిస్తాను. మా ఇంట్లో అంత తీరిక ఎవరికీ లేదు. హైస్కూలు ఐదు మైళ్ళ దూరమని ఏడో తరగతితో నన్ను బడి మాన్పించారు. ఆ కొత్తల్లో ఒక పొద్దున నాయన చేనికి బయల్దేరుతుంటే ఆయన చెప్పులో తేలు కనిపించింది.

"నాయనా, చెప్పులో" అన్నాను.

"తెగినాయి, తెలుసులే పాప" అన్నాడు నాయన.

"చెప్పులో..."

"దానికి చెప్పులు కావల్లంట" అంది అవ్వ.

"ఎండలో మేకలెంబడి పోతాంది, తెచ్చియ్యరాదా" అంది అమ్మ.

ముగ్గురూ నా చెప్పుల గురించి వాదించుకుంటూ ఉండగానే నాయన కాలు పెట్టేశాడు. ఆ రోజంతా నాయన పెట్టిన కేకల్లో ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. "తేలు అనే దానికి ఎంతసేపు పాప? రెండక్షరాలు." ఆ పొద్దున మజ్జిగ కోసం వచ్చిన సోమప్ప మామ చెంబు పట్టుకుని మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మజ్జిగ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఎనభై రెండులో మా ఊరికి బోరుబండి వచ్చింది.

అప్పటికి వరసగా మూడేళ్ళు వానలు లేవు. తాగే నీళ్ళకు రెండు మైళ్ళ అవతలి బావికి పోవాలి. మా ఇంటికి రోజుకు నాలుగు నడకలు. అందులో మూడు నావి. బండి వచ్చిన రోజు ఊరంతా దాని చుట్టూ చేరింది. బండి వెంట ఒక వైర్లెస్ సెట్టు, దాన్ని చూసుకునే యేసన్న వచ్చారు. మిలిటరీ రంగు పాత ఇనపపెట్టె, వీపుకు తగిలించుకోవడానికి పట్టీలు, పొడుగాటి ఏరియల్ పుల్ల, టెలిఫోనుకు ఉన్నట్టు పట్టుకుని మాట్లాడే గొట్టం. గొట్టానికి కింద ఒక నల్ల మీట. మీట నొక్కితే మన మాట ఆఫీసుకు పోతుంది. వదిలితే వాళ్ళ మాట మనకు వస్తుంది. రెండూ ఒకేసారి కుదరవు. మామ ఆ పెట్టె పక్కన చేతులు కట్టుకుని, ఇప్పటికైనా నమ్మినారా అన్నట్టు ఊరివైపు చూశాడు.

యేసన్న మామను గుర్తుపట్టాడు. ఇద్దరూ ఒకే క్యాంపులో పనిచేశారట.

"సోమప్పా, బాగుండావా?"

మామ నవ్వుతూ చూశాడే గానీ పలకలేదు. పక్కనున్నవాళ్ళు చెప్పారు. "అయిపాయ అనన్నా. అప్పుడే పలుకుతాడు."

యేసన్న అయోమయంగా "అయిపాయ" అన్నాడు.

"బాగుండా యేసన్నా. నువ్వు బాగుండావా? అయిపాయ."

"ఇదేందప్పా ఇది? క్యాంపులో నువ్వు..."

అక్కడే నేను ఆరేళ్ళలో ఎన్నడూ చూడనిది చూశాను. మామ ఎదుటివాడి మాటకు అడ్డం పడ్డాడు. "చెనిక్కాయ ఉండలు తిను యేసన్నా, కొత్త బెల్లం" అని ఒక ఉండ తీసి అతని చేతిలో కాదు, ఏకంగా నోట్లోనే పెట్టాడు. ఆ రెండు రోజుల్లో యేసన్న ఎప్పుడు "క్యాంపులో నువ్వు" అన్నా ఒక ఉండ వచ్చేది. పాపం అతను మీట నొక్కేది ఆ చేత్తోనే, ఉండలు తినేదీ ఆ చేత్తోనే. నాకేమీ అర్థం కాలేదు. మామకు యేసన్న మీద అంత ప్రేమా అనుకున్నాను.

మూడోరోజు పొద్దునకు బోరు రెండు వందల అడుగులు దిగింది. నీళ్ళు లేవు. అంతవరకు తెల్లటి పొడి పౌడరులాగా ఎగిరిపోయేది. చివరి పైపు దిగేటప్పుడు మాత్రం బయటికొచ్చిన పొడి చేతికి అంటుకుంది. డ్రైవరు హనుమంతప్ప దాన్ని నలిపి చూసి నిట్టూర్చాడు.

"తడి ఉండాది. ఇంగొక నలభై, యాభై అడుగులు పోతే పడొచ్చు. కానీ రెండు వందలు దాటాలంటే ఇంజనీరు సారు నోటి మాట కావల్ల. మాట రాకుంటే పన్నెండుకు బండి తీసి పక్కూరికి పోవల్ల. ఆర్డరు."

"అయితే అడుగు యేసన్నా, ఆలస్యమెందుకు" అన్నారు అందరూ.

యేసన్న గొట్టం తీసి మీట నొక్కాడు. "హలో బేస్, హలో బేస్. బోరుబండి మాట్లాడుతాండా. ఓవర్." మీట వదిలాడు. ఏమీ లేదు. మాట రాకపోయినా ఎప్పుడూ వచ్చే గురగుర కూడా లేదు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ ఏమీ లేదు. అప్పుడు టైము పదిన్నర.

అక్కడినుంచి ఎవరు ఏం చేశారో వరసగా చెప్పడం కష్టం. యేసన్న బ్యాటరీ ఊడదీసి మళ్ళీ పెట్టాడు. ఎర్రబల్బు వెలిగింది. అంటే బ్యాటరీ మంచిదే. ఏరియల్ పుల్ల తప్పేమోనని సెట్టును బండి పైకెక్కించారు. అక్కడినుంచి సిద్దమ్మ మిద్దె మీదికి, అక్కడినుంచి కిందికి. చెవికి ఆనించుకునే వైపు తుడిచారు. ఒకరు పెట్టెను దక్షిణానికి తిప్పమన్నారు, ఆఫీసు అటే ఉందని. ఇంకొకరు ఆఫీసు ఇటు కాదు అటు అన్నారు. ఆ వాదంలో సెట్టు రెండు చుట్లు తిరిగింది. హనుమంతప్ప మాత్రం పొడి చేతిలో పట్టుకుని, తడి ఉండాది, ఇంగొక యాభై అడుగులు పోతే సాలు అని అందరికీ చెప్తూనే ఉన్నాడు. సిద్దమ్మ ఇది దిష్టేనని మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఊరంతా దగ్గింది. సెట్టు దగ్గలేదు.

సిద్దమ్మకు కోపం వచ్చింది. "పెట్టెనేమంటారప్పా, ఆ ఇంజనీరుననల్ల. ఫ్యాను కింద కూకోని నిద్రపోతాంటాడు. వానింట్లో కొళాయి తిప్పితే నీళ్ళు. మాయట్ల ఒక్కనాడు కడవెత్తుకోని రెండు మైళ్ళు నడిస్తే తెలుస్తాది, నెత్తిన బొప్పి కట్టి."

"ఆయప్పకు సరిగ్గా ఇనపడదులేమ్మా, మంచోడే" అన్నాడు యేసన్న చెమట తుడుచుకుంటూ. "ఇంట్లో పెండ్లామంటేనే ఇంటాడంట."

నేను కడవ చంకన పెట్టుకుని పెట్టె పక్కనే నిలబడి ఉన్నాను. మూడు రోజులుగా నీళ్ళకు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అక్కడ ఆగి చూస్తూనే ఉన్నాను. నాకు ఒకటి తోచింది. లోపల ఒకసారి అనుకుని, సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాను. అప్పటికే పదకొండు దాటింది.

"యేసన్నా, టక్కు" అన్నాను.

"ట్రక్కు పన్నెండుకు పోతాదని తెలుసులేమ్మా" అన్నాడు యేసన్న.

"అది కాదు. టక్కు..."

"టక్కరి పనులు చేస్తాండారు అంటాంది. నిజమే కదా" అంది సిద్దమ్మ.

"నీళ్ళకు పోతాండాది కదా, ఎవరన్నా దావ ఇడ్సండి" అన్నాడు మా నాయన.

నేను కడవ సర్దుకుని నిజంగానే నీళ్ళకు బయల్దేరబోయాను. అప్పుడు సోమప్ప మామ బండి మెట్టు ఎక్కి నిలబడ్డాడు.

"నిలపండప్పా అందరూ. పాప ఇంగా అయిపాయ అనలేదు."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆరేళ్ళ అలవాటు. ఊరందరి నోళ్ళూ వాటంతటవే మూతపడ్డాయి. హనుమంతప్ప ఇంజను కూడా ఆపేశాడు. అంతమంది నా నోటివైపే చూస్తున్నారు. మామను ఒక్కడినే చూస్తూ చెప్పాను.

"మొన్న, నిన్న మీట నొక్కితే ఒక టక్కు, వదిలితే ఇంగొక టక్కు ఇనపడ్తాండె. ఈ పొద్దు నొక్కేది ఇనపడ్తాది. వదిలేది ఇనపళ్ళేదు. పెట్టెను నీడలోకి దించి శానాసేపాయ. అయినా ఎనకల కాలుతాంది. అది... అది మాట ఆపలేదేమో. ఇంగా మాట్లాడ్తానే ఉండాదేమో. మాట్లాడేటప్పుడు ఇనపడదు కదా."

ఎవరూ కదల్లేదు. నేనేదో తప్పు చెప్పాననుకుని తల వంచుకున్నాను. చివరికి సిద్దమ్మ బతిమాలింది. "అయిపాయ అను తల్లీ, పన్నెండు కావస్తాంది."

"అయిపాయ" అన్నాను.

యేసన్న గొట్టం అందుకుని మీటను వేలితో కదిపి చూశాడు. పైకి లేచినట్టే కనిపిస్తోంది గానీ, లోపలిది లేవలేదు. చెనిక్కాయ ఉండల బెల్లం, దానిమీద బోరు పొడి, రెండూ కలిసి లోపల సిమెంటులా పట్టేశాయి. యేసన్న మొహం తెల్లబోయింది.

"అయితే పొద్దుట్నుంచి మనం మాట్లాడిందంతా ఆఫీసుకు పోతానే ఉండాదా?"

అందరూ సిద్దమ్మవైపు చూశారు. సిద్దమ్మ కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. యేసన్న తనవైపు ఎవరూ చూడకుండా అటు తిరిగాడు.

అతను కోడి ఈక కిరసనాయిలులో ముంచి మీట సందులో తిప్పాడు. కదల్లేదు. మామ గొట్టం లాక్కున్నాడు. "కిరసనాయిలుకు పాకం యాడైనా కరుగుతాదా? వంటోని అడగల్ల. నల్లా, ఒక గలాసు ఏన్నీళ్ళు తీసుకురా. అయిపాయ." అత్త కడవలో అడుగున మిగిలిన నీళ్ళు వంచి కాచి తెచ్చింది. మామ గుడ్డపీలిక ముంచి గట్టిగా పిండి, ఆ ఉడుకు గుడ్డను మీట చుట్టూ కట్టి ఉంచాడు. తుడిచాడు. మళ్ళీ కట్టాడు. మూడోసారి కట్టినప్పుడు ఊరంతా విన్నది.

టక్కు.

వెంటనే గురగుర, ఆ గురగురలోంచి ఇంజనీరు గొంతు, బాగా బొంగురుపోయి.

"హలో బోరుబండి, హలో. మీట వదిలారా నాయనా. పొద్దుట్నుంచి మీ ఊరంతా నా టేబుల్ మీదే ఉంది. మిరపకాయల ఘాటు ఒక్కటే ఇక్కడికి రాలేదు. పొడి తడిగా ఉందని డ్రైవరు మీతో అంటుంటే విన్నాను. ఇంకో యాభై అడుగులు వెయ్యండి, వెయ్యండి అని అప్పట్నుంచి అరుస్తున్నాను. బండి కదల్చొద్దు. ఇంకో సంగతి. మా ఇంట్లో కొళాయి లేదని ఆ పెద్దమ్మకు చెప్పండి. యేసన్నా, మా ఆవిడ సంగతి నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం."

యేసన్న మీట మీద వేలు పెట్టి, నొక్కాలో వద్దో తెలియక ఆగిపోయాడు. ఓవర్ రాలేదు మరి. ఒక క్షణం తరువాత ఆ బొంగురు గొంతు, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు అంది.

"అయిపాయ."

పొద్దుటినుంచి ఆపకుండా మాట్లాడిన అలసటకు సెట్టు ఎర్రబల్బు ఆరిపోయింది. ఇక దాని అవసరం లేదు. రెండు వందల ముప్పై ఎనిమిది అడుగుల దగ్గర ముందు బురద, తరువాత నీళ్ళు, బండి పైకంటా ఎగిరి అందరినీ తడిపాయి. సిద్దమ్మ ఆ బురదలో నిలబడి, మూడు సాళ్ళ చెనిక్కాయలు కొట్టేసినట్టేనని మామకు చెప్పింది. రాయదుర్గం సంబంధం సంగతి ఇంకా ఆలోచించాలంది.

ఆ మధ్యాహ్నం యేసన్నకు మా అత్తావాళ్ళింట్లో సంగటి, ఊరుబిండి పచ్చడి. నేను వడ్డిస్తున్నాను. మామ హనుమంతప్పకు సంగటి ముద్ద ఇచ్చి రావడానికి బండి దగ్గరికి పోయాడు. ఉండలు పెట్టేవాళ్ళు పక్కన లేరు. యేసన్న గబగబా అందుకున్నాడు.

"అమ్మా నల్లమ్మా, ఈ అయిపాయ యాడిది? రెండేండ్లు ఒకే గుడారంలో ఉంటిమి. ఒక్కనాడూ అనలేదు. అడ్డం పడి మాట్లాడేదాంట్లో సోమప్పను మించినోడు క్యాంపులోనే లేడు. ఉప్పు అనేలోపల పప్పు పోస్తాండె. ఇంజనీరు సారు నీళ్ళు అడగబోయి మూడుసార్లు చారు తాగినాడు."

నేను చేతిలో గరిటెతో నిలబడిపోయాను. అత్త నావైపు ఒకసారి చూసి, సంగటి ముద్దను చేత్తో నున్నగా చేస్తూ చెప్పింది.

"క్యాంపులోది కాదులేన్నా. దీని నాయనకు తేలు కుట్టినాదే, ఆ రోజుది. మజ్జిగకు పోయినోడు ఉత్త చెంబుతో వచ్చె. 'పిల్లకు చెప్పేది చేతకాక కాదే, మనకు ఇనేది చేతకాక' అనె. మరుసటి పొద్దున్నుంచి ఈ మాట పట్టుకునె. దాని దగ్గర ఒక్కదాని దగ్గరే అంటే పిల్ల సిగ్గుపడతాదంట. అందుకని ఊరందరి దగ్గరా మొదలుపెట్టె. వైర్లెస్సు అని చెప్తే ఎవురూ అడగరంట. ఆరేండ్లాయ. సిద్దమ్మకు చెనిక్కాయ పాయ, సంబంధం పాయ."

యేసన్న నవ్వు ఆపుకోలేక పొలమారాడు. నేను నీళ్ళ చెంబు అతని ముందు పెట్టి బయటికి వచ్చాను.

మామ బండి నీడలో కూర్చుని, మిగిలిన ఉండలు గుడ్డలో మూట కడుతున్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. లోపల ఒకసారి అనుకుని, సరిగ్గా ఉందో లేదో చూసుకుని అడిగాను.

"మామా, అయిపాయ అనేది నువ్వు యాడ నేర్చుకుంటివి? అయిపాయ."

"క్యాంపులోనే పాప" అన్నాడు మామ, కొంచెం కూడా తడుముకోకుండా. "నేను పోయిన మొదటిరోజే ఇంజనీరు పిలిచి చెప్పినాడు. సోమప్పా, ఈడ ఒకరి మాట అయ్యేదాకా ఇంగొకరు మాట్లాడకూడదు, వంటోనికైనా ఇదే రూలు అన్నాడు. ఒకపారి ఏమైందంటే, పెద్ద గాలివాన..."

గాలివాన కథ చాలా పొడుగు. అందులో గుడారాలు ఎగిరిపోయాయి, వైర్లెస్సు తంతులు తెగిపోయాయి, మామ ఒక్కడే అయిపాయ అయిపాయ అని అరిచి అందరినీ కాపాడాడు. వైర్లెస్సుకు తంతులు ఉండవని నాకు మూడురోజుల కిందటే తెలిసింది. గుమ్మంలోంచి యేసన్న చేతులు ఊపుతూ, అబద్ధం అని సైగలు చేస్తున్నాడు. నా నోటిదాకా మాట వచ్చింది. లోపల సరిచూసుకునే పని కూడా లేకుండా, జీవితంలో మొదటిసారి, తయారుగా వచ్చింది.

కానీ మామ ఇంకా ఆ మాట అనలేదు. నేను మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని విన్నాను. గాలివాన తగ్గింది, గుడారాలు మళ్ళీ వేశారు, అందరికీ మామ చారు పోశాడు.

"అయిపాయ" అన్నాడు మామ, నా మొహంలోకి చూస్తూ.

"అట్లనా మామా" అన్నాను. "అయిపాయ."